సెక్యూరిటీ కెమెరా పెడితే ఇంటి ఇన్సూరెన్స్ తగ్గుతుందా? అమెరికాలో మనవాళ్లు ముందు వేసుకోవాల్సిన లెక్క

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఇంటి ఇన్సూరెన్స్ గురించి మాట్లాడుకుందాం. అమెరికాలో ఇల్లు కొన్నవాళ్లందరికీ తెలుసు, ప్రతి సంవత్సరం రెన్యూవల్ పేపర్ వస్తుంది, తీసి చూస్తే ప్రీమియం పోయిన ఏడాది కంటే ఎక్కువే ఉంటుంది. టెక్సాస్‌లో ఉన్నవాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు, వడగళ్ల వాన పుణ్యమా అని గట్టిగానే పెరుగుతోంది. దీంతో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "మేము డోర్‌బెల్ కెమెరా పెట్టాం, ఇంటి చుట్టూ ఇంకో మూడు కెమెరాలు పెట్టాం. ఇన్సూరెన్స్‌లో డిస్కౌంట్ వస్తుందా?"

సమాధానం ముందే చెప్పేస్తాను. ఉత్త కెమెరాలకైతే చాలా కంపెనీలు ఏమీ ఇవ్వవు, ఇచ్చేవాళ్లు ఇచ్చినా నామమాత్రంగానే ఇస్తారు. అలారం సిస్టమ్‌కి ఇస్తారు, కానీ దాని ఖర్చుతో పోల్చి చూసుకోవాలి. ఇంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది, అది మన ఇళ్లలో ఉండే బంగారం. డిస్కౌంట్ గురించి ఆలోచిస్తూ దాన్ని మర్చిపోతే మొత్తానికే మునుగుతాం. అందుకే చివరిదాకా ఉండండి, ఒక్కొక్కటిగా చూద్దాం.

కెమెరా వేరు, అలారం వేరు

మనం మామూలుగా అన్నింటినీ కలిపి "సెక్యూరిటీ" అనేస్తాం. ఇన్సూరెన్స్ కంపెనీ అలా చూడదు. వాళ్ల దృష్టిలో మూడు మెట్లు ఉంటాయి.

మొదటి మెట్టు, లోకల్ పరికరాలు. అంటే గట్టి డెడ్‌బోల్ట్ తాళం, స్మోక్ డిటెక్టర్, ఇంట్లోనే మోగే సైరన్ లాంటివి. రెండో మెట్టు, ఫోన్‌కి నోటిఫికేషన్ పంపే సెన్సర్లు, కెమెరాలు. దీన్ని సెల్ఫ్ మానిటరింగ్ అంటారు. మోషన్ కనపడితే మీ ఫోన్ మోగుతుంది, చూసుకుని పోలీసులకు ఫోన్ చేయాల్సింది మీరే. మూడో మెట్టు, ప్రొఫెషనల్ మానిటరింగ్. అలారం మోగగానే సిగ్నల్ ఒక సెంట్రల్ స్టేషన్‌కి వెళ్తుంది. అక్కడ 24 గంటలూ మనుషులు ఉంటారు. వాళ్లు మీకు ఫోన్ చేస్తారు, మీరు ఎత్తకపోతే పోలీసులకో ఫైర్ డిపార్ట్‌మెంట్‌కో కబురు పెడతారు. ఈ సెంట్రల్ స్టేషన్లకి యూఎల్ 827 అని ఒక స్టాండర్డ్ కూడా ఉంది.

చెప్పుకోదగ్గ డిస్కౌంట్ ఇచ్చేది ఈ మూడో మెట్టుకే. ఎందుకంటే మీరు నిద్రలో ఉన్నా, విమానంలో ఉన్నా ఆ సిస్టమ్ పని ఆగదు. కెమెరా మాత్రం జరిగేదాన్ని రికార్డు చేస్తుంది. మీరు హైదరాబాద్‌లో పెళ్లిలో ఉన్నప్పుడు డాలస్ ఇంట్లో ఎవరో కిటికీ పగలగొడుతుంటే, ఫోన్ సైలెంట్‌లో ఉంటే, కెమెరా ఏం చేయగలదు? తర్వాత చూసుకోవడానికి వీడియో ఇస్తుంది, అంతే.

అమెరికాలో ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక సంస్థ ఉంది. వాళ్లు జనానికి ఇచ్చే సలహాల్లో ఉండే అంకెలు ఇవి: స్మోక్ డిటెక్టర్, బర్గ్లర్ అలారం, డెడ్‌బోల్ట్ లాంటివాటికి సాధారణంగా కనీసం 5 శాతం తగ్గింపు దొరుకుతుంది. స్ప్రింక్లర్లు, దాంతోపాటు పోలీస్ స్టేషన్‌లోనో మానిటరింగ్ స్టేషన్‌లోనో మోగే ఫైర్, బర్గ్లర్ అలారం పెడితే కొన్ని కంపెనీలు 15 నుంచి 20 శాతం దాకా ఇస్తాయి. కింద చిన్న అక్షరాల్లో ఉన్న "స్ప్రింక్లర్లు" అనే మాట వదిలేసి, "20 శాతం డిస్కౌంట్" అని మాత్రం పెద్ద అక్షరాల్లో వేసి అమ్మేవాళ్లు ఉంటారు. చూసుకోండి.

తగ్గింపు ఎందుకు అంత చిన్నగా ఉంటుంది?

ఇక్కడ ఒక లాజిక్ ఉంది. మీరు కట్టే ప్రీమియంలో ఎక్కువ భాగం దొంగతనం కోసం కాదు. గాలివాన, వడగళ్లు, నిప్పు, పైపులు పగిలి నీళ్లు కారడం, కంపెనీలకి పెద్ద ఖర్చులు వీటి వల్లే. దొంగతనం వాటా అందులో చాలా చిన్నది. కెమెరా పెడితే వడగళ్లు ఆగవు కదా! కాబట్టి దొంగతనం రిస్కు సగానికి తగ్గినా మీ మొత్తం ప్రీమియం మీద కనిపించేది కొంచెమే.

ఇందుకే కంపెనీలు ఈమధ్య కెమెరాల కంటే నీళ్ల లీక్ పట్టుకునే సెన్సర్లు, కరెంటు వైరింగ్‌లో స్పార్క్ వస్తే పసిగట్టే పరికరాల మీద ఆసక్తి చూపిస్తున్నాయి. స్టేట్ ఫార్మ్ లాంటి కంపెనీ తన కస్టమర్లకి టింగ్ అనే ఎలక్ట్రికల్ ఫైర్ సెన్సర్‌ని ఫ్రీగా ఇస్తోంది. మీ కంపెనీ కూడా ఇలాంటిదేమైనా ఇస్తోందేమో ఒకసారి అడగండి.

ఇప్పుడు లెక్క వేద్దాం

ఇవి ఉదాహరణ కోసం తీసుకున్న అంకెలు. మీ పాలసీ ముందు పెట్టుకుని మీ అంకెలు వేసుకోండి.

ప్రీమియం ఏడాదికి 4,000 డాలర్లు అనుకుందాం. మానిటర్డ్ అలారానికి 5 శాతం డిస్కౌంట్ వచ్చింది. అంటే 200 డాలర్లు మిగిలాయి. మానిటరింగ్‌కి నెలకి 30 డాలర్లు, ఏడాదికి 360. అంటే 200 మిగుల్చుకోవడానికి 360 ఖర్చు పెట్టాం. చేతి నుంచి ఇంకో 160 పోయింది. దీనికి తోడు చాలా సిటీల్లో అలారానికి పర్మిట్ తీసుకోవాలి, ఫాల్స్ అలారంలు ఎక్కువైతే జరిమానా వేస్తారు.

ఉత్త కెమెరాల లెక్క ఇంకా సింపుల్. డిస్కౌంట్ సున్నా, క్లౌడ్ సబ్‌స్క్రిప్షన్ నెలకి 10 డాలర్లు, ఏడాదికి 120. మొత్తం ఖర్చే.

మరి పెట్టొద్దా అంటే, నేను ఆ మాట అనడం లేదు. భద్రత కోసం పెట్టుకోండి, పిల్లలు స్కూల్ నుంచి వచ్చారో లేదో చూసుకోవడానికి పెట్టుకోండి, పార్సిల్స్ పోకుండా పెట్టుకోండి. ఎలాగూ పెట్టుకున్నాక డిస్కౌంట్ వస్తే తీసుకోండి. డిస్కౌంట్ కోసమే మూడేళ్ల కాంట్రాక్టు మీద సంతకం మాత్రం పెట్టకండి.

డిస్కౌంట్ తీసుకున్నామంటే మాట ఇచ్చినట్టే

ఇది ఎవరూ చెప్పని పాయింట్. అలారం డిస్కౌంట్ ఇచ్చేటప్పుడు చాలా పాలసీలకి ఒక ఎండార్స్‌మెంట్ కలుపుతారు. స్టాండర్డ్ ఫారమ్స్‌లో దాని నంబర్ హెచ్‌ఓ 04 16. అందులో ఉండే సారాంశం ఇది: మీ ఇంట్లో అలారం ఉందని మేము ఒప్పుకుంటున్నాం, మీరు దాన్ని పనిచేసే స్థితిలో ఉంచుతారు, ఏదైనా మార్చినా, తీసేసినా వెంటనే మాకు చెప్తారు.

ఇప్పుడు ఆలోచించండి. మొదటి ఏడాది మానిటరింగ్ తీసుకుని సర్టిఫికెట్ పంపించారు, డిస్కౌంట్ వచ్చింది. రెండో ఏడాది "ఎందుకులే నెలకి 30 డాలర్లు" అని సబ్‌స్క్రిప్షన్ ఆపేశారు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పలేదు. డిస్కౌంట్ మాత్రం అలాగే వస్తోంది. రేపు దొంగతనం జరిగి క్లెయిమ్ పెడితే, అడ్జస్టర్ మొదట అడిగేవాటిలో అలారం రిపోర్టు ఒకటి. అక్కడ అనవసరంగా మనమే వాళ్లకి ప్రశ్న అడిగే అవకాశం ఇచ్చినవాళ్లం అవుతాం. ఆపేస్తే ఒక ఈమెయిల్ పెట్టండి, అయిపోతుంది.

డిడక్టిబుల్ సంగతి

ఇంకో చిన్న లెక్క. టెక్సాస్‌లో చాలా పాలసీల్లో డిడక్టిబుల్ శాతంలో ఉంటుంది. ఇల్లు 4,00,000 డాలర్లకి ఇన్సూర్ చేసి, డిడక్టిబుల్ 1 శాతం ఉంటే, మొదటి 4,000 డాలర్లు మన జేబులోంచే. గ్యారేజ్‌లోంచి 2,500 డాలర్ల సైకిల్ ఎత్తుకుపోయారనుకోండి. కెమెరాలో దొంగ మొహం స్పష్టంగా పడింది. పోలీస్ రిపోర్టు ఉంది. అయినా ఇన్సూరెన్స్ నుంచి వచ్చేది సున్నా, ఎందుకంటే నష్టం డిడక్టిబుల్ కంటే తక్కువ. పైగా పెట్టిన క్లెయిమ్ క్లూ అనే రిపోర్టులో ఏడేళ్ల దాకా కనపడొచ్చు, రేపు వేరే కంపెనీకి మారదామన్నా వాళ్లు చూస్తారు. కాబట్టి క్లెయిమ్ పెట్టే ముందు మీ డిడక్టిబుల్ ఎంతో చూసుకోండి.

అసలు విషయం: బంగారం

ఇప్పుడు మనవాళ్లకి అన్నింటికంటే ముఖ్యమైన భాగానికి వచ్చాం.

మీ పాలసీలో "పర్సనల్ ప్రాపర్టీ 2,00,000 డాలర్లు" అని రాసి ఉంటుంది. అది చూసి, ఇంట్లో ఉన్న నగలన్నీ అందులోకి వస్తాయని చాలామంది ధీమాగా ఉంటారు. రావు. హెచ్‌ఓ-3 అనే స్టాండర్డ్ హోమ్ ఓనర్స్ ఫారంలో నగల దొంగతనానికి ఒక ప్రత్యేకమైన లిమిట్ ఉంది: 1,500 డాలర్లు. ఒక్కో నగకి కాదండోయ్, పోయినవన్నీ కలిపి 1,500. ఇవాళ్టి బంగారం ధరలో ఆ డబ్బుకి రెండు గాజులు కూడా రావు. పెళ్లిలో అత్తగారు పెట్టిన హారం, అమ్మ ఇచ్చిన వడ్డాణం, పాప ఓణీల ఫంక్షన్‌కి చేయించిన నెక్లెస్, అన్నీ పోయినా అంతే. వెండి సామానుకి వేరే లిమిట్, 2,500 డాలర్లు. పూజలో వాడే వెండి కంచాలు, కుందులు, గ్లాసులు అందులోకి వస్తాయి. నగదుకి అయితే 200 డాలర్లు. కొన్ని కంపెనీలు ఈ లిమిట్స్ కొంచెం పెంచి ఇస్తాయి, మీ పాలసీలో "స్పెషల్ లిమిట్స్ ఆఫ్ లయబిలిటీ" అనే హెడ్డింగ్ కింద చూడండి.

ఇక మన ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకి తెలియదా అంటే, బాగా తెలుసు. 2011 నుంచి 2014 మధ్య జార్జియా, న్యూయార్క్, న్యూజెర్సీ, మిషిగన్, టెక్సాస్ రాష్ట్రాల్లో ఒక గ్యాంగ్ ప్రత్యేకంగా ఆసియా, భారత సంతతి కుటుంబాల ఇళ్లనే ఎంచుకుని దోపిడీలు చేసింది. ఆ గ్యాంగ్‌ని నడిపిన వ్యక్తికి 2019లో మిషిగన్ ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల జైలు శిక్ష వేసింది.

మరి ఏం చేయాలి? "షెడ్యూల్డ్ పర్సనల్ ప్రాపర్టీ" అని ఒక ఎండార్స్‌మెంట్ ఉంటుంది. దీన్నే జ్యువెలరీ ఫ్లోటర్ అని కూడా అంటారు. నగలకి అప్రైజల్ చేయించి, ఒక్కోదాన్ని విలువతో సహా లిస్టులో రాయించాలి. ఏడాదికి ఖర్చు సాధారణంగా నగ విలువలో 1 నుంచి 2 శాతం. 20,000 డాలర్ల నగలకి 200 నుంచి 400 డాలర్లు. సాధారణంగా దీనికి డిడక్టిబుల్ ఉండదు. దొంగతనమే కాకుండా, ఎక్కడ పోయిందో తెలియకుండా పోయినా చాలా పాలసీల్లో కవర్ అవుతుంది. బంగారం ధర పెరుగుతోంది కాబట్టి రెండు మూడేళ్లకోసారి విలువ అప్‌డేట్ చేయించాలి.

బ్యాంకు లాకర్‌లో పెడితే చాలు కదా అంటారా? మంచిదే, దొంగతనం రిస్కు చాలా తగ్గుతుంది. కానీ లాకర్‌లో ఉన్న వస్తువులకి ఎఫ్‌డీఐసీ ఇన్సూరెన్స్ వర్తించదు, అది డిపాజిట్లకి మాత్రమే. లాకర్‌లో ఉంచే నగలకి ఫ్లోటర్ రేటు తగ్గించే కంపెనీలు ఉన్నాయి, అడగండి.

ఇందాక వేసిన లెక్క గుర్తుంది కదా. అలారం డిస్కౌంట్ 200 డాలర్లు. ఆ 200తో పదివేల డాలర్ల నగలకి పూర్తి కవరేజ్ కొనుక్కోవచ్చు. డబ్బు ఎక్కడ పెట్టాలో మీరే ఆలోచించండి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న స్టూడెంట్స్‌కి

ఎంఎస్ చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా ఈ ఛానెల్ చూస్తారు కాబట్టి మీకూ ఒక మాట. మీది రెంటర్స్ ఇన్సూరెన్స్, హెచ్‌ఓ-4 అంటారు. నగల లిమిట్ మీకూ అదే. ఇంకో విషయం, నలుగురు ఒక ఫ్లాట్‌లో ఉంటూ ఒకరి పేరు మీద పాలసీ తీసుకుంటే, మిగతా ముగ్గురి లాప్‌టాప్‌లు కవర్ అయినట్టు కాదు. పాలసీ కవర్ చేసేది పేరున్న వ్యక్తినీ, అదే ఇంట్లో ఉండే వాళ్ల బంధువులనీ. రూమ్‌మేట్ ఎంత అన్నయ్య అని పిలిచినా ఇన్సూరెన్స్ లెక్కలో బంధువు కాదు! ఎవరి పాలసీ వాళ్లు తీసుకోండి, లేదా పేర్లు చేర్పించండి.

మరి కెమెరా దేనికి పనికొస్తుంది?

క్లెయిమ్ టైమ్‌లో పనికొస్తుంది. దొంగతనం ఎప్పుడు జరిగింది, ఎలా లోపలికి వచ్చారు, ఏం పట్టుకుపోయారు, ఇవి వీడియోలో ఉంటే పోలీస్ రిపోర్టుకీ క్లెయిమ్‌కీ బలం. ఒకటి గుర్తుపెట్టుకోండి, క్లౌడ్‌లో వీడియోలు కొన్ని రోజులే ఉంటాయి, తర్వాత అవే డిలీట్ అవుతాయి. ఏదైనా జరిగితే ఆ రోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

వైఫై జామర్లు వాడుతున్న దొంగల గురించి అమెరికాలో పోలీసులు హెచ్చరించారు. జామర్ వాడటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే, కానీ దొంగకి అదొక లెక్కా? వీలైతే ఒక్క కెమెరా అయినా వైర్‌తో ఉండేలా, మెమరీ కార్డులో కూడా రికార్డయ్యేలా చూసుకోండి.

పాస్‌వర్డ్ విషయం తేలిగ్గా తీసుకోకండి. 2023లో రింగ్ కంపెనీ మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. ఉద్యోగులు కస్టమర్ల ప్రైవేట్ వీడియోలు చూశారనీ, హ్యాకర్లు చొరబడకుండా సరిగ్గా కాపాడలేదనీ ఆరోపణ. కంపెనీ 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. కాబట్టి ఏ బ్రాండ్ అయినా టూ ఫ్యాక్టర్ ఆన్ చేయండి, బెడ్‌రూమ్‌లో కెమెరా పెట్టకండి. పక్కింటివాళ్ల పెరటివైపు తిప్పకండి. మాటలు రికార్డు చేసే విషయంలో రాష్ట్రాన్ని బట్టి రూల్ మారుతుంది. టెక్సాస్‌లో సంభాషణలో ఉన్న ఒకరి అనుమతి చాలు, కాలిఫోర్నియాలో ఏకాంతంగా మాట్లాడుకునే మాటలకైతే అందరి అనుమతీ కావాలి. టెక్సాస్‌లో హెచ్‌ఓఏ వాళ్లు "కెమెరా పెట్టొద్దు" అంటే, 2021 సెప్టెంబర్ నుంచి మీ సొంత స్థలంలో కెమెరా పెట్టుకోకుండా ఆపే హక్కు వాళ్లకి లేదు.

నన్నడిగితే అన్నింటికంటే విలువైన కెమెరా మీ జేబులో ఉంది. ఈ ఆదివారం ఒక ఇరవై నిమిషాలు తీసుకోండి. ఫోన్ పట్టుకుని గది గదికీ వెళ్లి వీడియో తీయండి. టీవీ, లాప్‌టాప్‌ల సీరియల్ నంబర్లు, నగలు ఒక్కొక్కటి రెండు వైపులా, ఉంటే బిల్లులు. అన్నీ క్లౌడ్‌లో పెట్టేయండి. ఇన్సూరెన్స్ కమిషనర్ల సంఘం ఎన్ఏఐసీ దీనికోసం ఒక హోమ్ ఇన్వెంటరీ యాప్ కూడా పెట్టింది. ఇల్లు ఖాళీ అయ్యాక ఏం పోయాయో జ్ఞాపకం తెచ్చుకుని రాయడం చాలా కష్టం.

ఇండియాలో అమ్మానాన్నల ఇంటికి

అక్కడ 2021 ఏప్రిల్ 1 నుంచి "భారత్ గృహ రక్ష" అనే స్టాండర్డ్ పాలసీ ఉంది. నిప్పు, తుఫాను, వరద, భూకంపం లాంటివి ఇందులో వస్తాయి. ఇంటి విలువలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా సామానుకి కవర్ దానంతట అదే వస్తుంది. కానీ మామూలు దొంగతనం ఇందులో లేదు. ప్రమాదం జరిగి, దాని వల్ల ఏడు రోజుల్లోపు దొంగతనం అయితేనే వస్తుంది. తాళం పగలగొట్టి చేసే దొంగతనానికి విడిగా బర్గ్లరీ కవర్ తీసుకోవాలి. నగలకి కూడా విడిగా అడగాలి. సీసీ కెమెరా, వాచ్‌మన్ ఉన్నవాళ్లకి తగ్గింపు ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, కొనేటప్పుడు అడగండి.

అమ్మానాన్నలు మీ దగ్గరికి ఆరు నెలలు వచ్చి ఉంటున్నారా? ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అని తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టే పద్ధతి తెచ్చారు. ఊరెళ్తున్నామని యాప్‌లో చెప్తే పోలీసులే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు, డబ్బులు తీసుకోరు. మీ ఊళ్లో ఉందో లేదో దగ్గర్లోని స్టేషన్‌లో కనుక్కోమనండి.

ఏజెంట్‌ని అడగాల్సిన ఐదు ప్రశ్నలు

ఒకటి, మా ఇంట్లో ఉన్న పరికరాల్లో వేటికి డిస్కౌంట్ ఉంది, డాలర్లలో ఎంత? శాతం చెప్తే ఒప్పుకోవద్దు. రెండు, దానికి ఏం సర్టిఫికెట్ కావాలి? మూడు, మానిటరింగ్ ఆపేస్తే ఏమవుతుంది? నాలుగు, నగలకి, వెండికి లిమిట్ ఎంత? ఐదు, దొంగతనానికి నా డిడక్టిబుల్ ఎంత? ఫోన్‌లో అడిగినా, సమాధానాలు ఈమెయిల్‌లో రాయించుకోండి.

పెళ్లిళ్ల సీజన్ వస్తోంది, అందరూ ఇండియా ప్రయాణాలు పెట్టుకుంటారు. ఎయిర్‌పోర్ట్‌లో సెల్ఫీ తీసుకోండి, కానీ తిరిగొచ్చాక పోస్ట్ చేయండి. ఇంటి ఇన్సూరెన్స్ ఉన్న మీ ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో ఈ ఎపిసోడ్ షేర్ చేయండి, 1,500 డాలర్ల సంగతి తెలియనివాళ్లు అందులో కచ్చితంగా ఒకరుంటారు. వచ్చే ఎపిసోడ్‌లో వడగళ్లకి రూఫ్ పాడైతే క్లెయిమ్ ఎలా పెట్టాలో చూద్దాం. ఉంటానండి, నమస్తే.